లెక్కకు సాక్షి

చాల యేండ్ల క్రిందటి మాట. మేము ఉద్యోగములో చేరిన క్రొత్తలో, సముద్రతీరమునకు చేరువనున్న ఒక రేడియో కేంద్రములో రాత్రి డ్యూటీలో ఉంటిమి. తుపాను వచ్చుచుండెను. గంట గంటకు హెచ్చరిక ప్రసారము చేయవలెనని ఉత్తరువు. స్టూడియో నుండి ట్రాన్స్‌మిటరుకు రెండు లైనులు కలవు. ఒకటి చెడినచో రెండవది అందుకొనునని మా ధైర్యము. పది గంటలు దాటిన పిమ్మట గాలికి చెట్టొకటి కూలి తీగలపై పడెను. మొదటి లైను పోయినది. రెండవ దానికి మార్చితిమి, అదియు పోయినది. తెల్లవారి చూడగా ఆ రెండు తీగలును ఒకే స్తంభములమీద, ఒకదాని క్రింద నొకటిగా పోవుచున్నవి. కాగితముమీద అవి రెండు. కూలిన చెట్టుకు మాత్రము అవి ఒకటే. ఇంజనీర్లు వానలో పరుగెత్తి తాత్కాలికముగా అతికించు వరకు, 40 నిమిషములసేపు, జాలరి పల్లెలకు మా గొంతు చేరలేదు. తుపాను కొంత ప్రక్కకు తొలగుటచే ఆ రాత్రి ప్రాణనష్టము తప్పినది గాని, మా యేర్పాటు వలన కాదు.

ఆ రాత్రి నుండి రెండు ప్రశ్నలు మమ్ము విడువలేదు. ఒకరు తప్పినచో ఆదుకొనుటకై మనము నిలిపిన రెండవవాడు నిజముగా వేరువాడేనా? పనులన్నియు ఒక్కసారి మీదపడినపుడు ఏది ముందు చేయవలెను, దేనిని విడువవలెను? ఈనాడు వేలకొలది కంప్యూటర్లను ఒకే పనికి పూన్చెడి సమాంతర గణనమునందు పరిశోధకులు తలలు బ్రద్దలు కొట్టుకొను సమస్యలు ప్రధానముగ ఈ రెండే. పొరపాటు కలిగినను పని చెడకుండ నిలుపు నేర్పు ఒకటి. పనులను పంచి వరుస పెట్టు నేర్పు మరియొకటి. కాని వీని చరిత్ర యంత్రములతో మొదలు కాలేదు. కంప్యూటరు అనుమాట మనిషికి పేరై యున్న దినములలో మొదలైనది.

1765లో నెవిల్ మాస్కెలిన్ ఇంగ్లండు రాజజ్యోతిష్కుడయ్యెను. నడిసముద్రములో ఓడ ఏ రేఖాంశముమీద నున్నదో తెలియక ఆ కాలపు నావికులు పడరాని పాట్లు పడుచుండిరి. చంద్రునకు సూర్యునితోను, కొన్ని ప్రకాశవంతములైన నక్షత్రములతోను గల కోణదూరమును కొలిచి, దానిని ముందే గణించియుంచిన పట్టికతో పోల్చినచో గ్రీనిచ్ కాలము తెలియును. దానినుండి రేఖాంశము తేలును. ఆ పట్టికలకై మాస్కెలిన్ సిద్ధపరచినదే నావికుల పంచాంగము. 1767వ సంవత్సరమునకు తొలి సంపుటము వెలువడెను. మూడు గంటల కొకసారి చంద్రుని దూరములు, ఏడాది పొడుగునను, ఏండ్లకు ముందుగా గణింపవలెను. ఆ దూరములో ఒక్క కల, అనగా డిగ్రీలో అరువదవ పాలు తప్పినచో, భూమధ్యరేఖ దగ్గర ఓడయొక్క స్థానము 30 నాటికల్ మైళ్ళు మారిపోవును. ఆ ముప్పది మైళ్ళలో ఒక కొండచరియ యుండవచ్చును.

ఇంత పని ఒక్కరి వలన కాదు. మాస్కెలిన్ పనిని నెలల వారీగా పంచెను. గణకులు గ్రీనిచ్‌లో లేరు. ఇంగ్లండు దేశమందలి గ్రామములలో, పట్టణములలో తమ యిండ్లలోనే కూర్చుండి లెక్కలు కట్టి టపాలో పంపెడివారు. ఏ లెక్క తరువాత ఏ లెక్క చేయవలెనో మాస్కెలిన్ మెట్లు మెట్లుగా వ్రాసి పంపెను. ఒకే నెల లెక్కను ఇద్దరు గణకులు వేరు వేరుగా చేయవలెను. ఆ రెండును సరిపోల్చుటకు మూడవవాడు, పోలికరి యనదగినవాడు, ఒకడుండును. పనిని పంచుట, వరుస చెప్పుట, రెండు మారులు చేయించుట, పోల్చి తప్పు పట్టుట: నేటి శాస్త్రమునకు మూలాక్షరములు నాలుగును ఆ టపా సంచులలోనే కలవు.

అయినను ఆ తొలి సంవత్సరములలోనే ఒక వింత జరిగెను. జోసెఫ్ కీచ్, రూబెన్ రాబిన్స్ అను ఇద్దరు గణకులకు ఒకే నెలల లెక్కలు అప్పగింపబడెను. వారిద్దరును తమలో తాము కూడబలుకుకొని, ఒకరి అంకెలు మరియొకరు చూచి వ్రాసికొనిరి. పోలికరియైన మలాకై హిచిన్స్ అను క్రైస్తవ మతాచార్యుడు ఈ సంగతి పసిగట్టెను. ఎక్కడ చూచినను అంకెలు సరిపోవుచున్నవి. తప్పులు సైతము సరిపోవుచున్నవి! మాస్కెలిన్ ఆ యిద్దరిని తొలగించి, హిచిన్స్ పడిన అదనపు శ్రమకు వారిచేతనే సొమ్ము కట్టించెను. న్యాయస్థానములో నేర్పి తెచ్చిన సాక్షులను చూచినవారికి ఇందులోని మర్మము వేరుగా చెప్పనక్కరలేదు. పదిమంది ఒకేమాట చెప్పిన మాత్రమున అది పది సాక్ష్యములు కాజాలదు. వారు ఒకరి నొకరు చూడకుండ చెప్పిరా అన్నదే విచారింపదగిన విషయము.

ఆ శతాబ్దపు చివరి దశకములో ఫ్రాన్సులో గాస్పార్ ద ప్రోనీ అను ఇంజనీరు ఈ పద్ధతిని మరియొక అడుగు ముందుకు నడిపెను. విప్లవ ప్రభుత్వమువారు క్రొత్త దశాంశ కొలతలకు తగిన త్రికోణమితి పట్టికలను, లాగరిథములను సిద్ధము చేయుమని యాయనను కోరిరి. ఆడమ్ స్మిత్ గ్రంథములో గుండుసూదుల తయారీలోని శ్రమ విభజననుగూర్చి చదివి, తాను లాగరిథములను గుండుసూదులవలె తయారుచేయుదునని ప్రోనీ నిశ్చయించుకొనెను. ఆయన పనివారిని మూడు తరగతులుగా విభజించెను. పై తరగతిలో కొలదిమంది ప్రసిద్ధ గణితవేత్తలు సూత్రములను ఏర్పరచిరి. నడిమి తరగతివారు వానిని అంకెలలోనికి దింపిరి. క్రింది తరగతిలో సుమారు 60 నుండి 80 మంది కేవలము కూడికలు, తీసివేతలు మాత్రమే చేసిరి. వీరిలో కొందరు విప్లవములో ప్రభువుల శిరస్సులతోపాటు తమ జీవనోపాధియు పోగొట్టుకొనిన క్షురకులని చెప్పుదురు. ఇక్కడను పని రెండు మారులు జరిగెను. రెండు వ్రాతప్రతులు వేరు వేరుగా సిద్ధమయ్యెను. అయితే సొమ్ము చాలక అవి పూర్తిగా అచ్చు కాలేదు.

ఆ వ్రాతప్రతుల కీర్తి పారిసు వెళ్ళిన చార్లెస్ బాబేజ్ మనస్సులో నాటుకొనెను. 1821లో ఆయన తన మిత్రుడు జాన్ హెర్షెల్‌తో కూడి, ఇద్దరు గణకులు వేరు వేరుగా చేసిన ఖగోళ పట్టికలను సరిచూచుచుండెను. తప్పుమీద తప్పు బయటపడుచుండగా విసిగి, ఈ లెక్కలను ఆవిరియంత్రము చేసిన ఎంత బాగుండునని ఆయన వాపోయెను. గణన యంత్రములపై ఆయన పరిశ్రమ అంతయు ఆ విసుగునుండి పుట్టినదే. ఆ యంత్రమును గూర్చి 1834లో ఎడిన్‌బరో రెవ్యూ పత్రికలో వ్యాసము వ్రాసిన డయొనీసియస్ లార్డ్‌నర్ ఒక మంచి సంగతి చెప్పెను. ఇద్దరు గణకులు వేరు వేరుగా చేసినచో తప్పు దొరకును. ఆ యిద్దరును వేరు వేరు పద్ధతులలో చేసినచో ఇంకను రూఢిగా దొరకునని దాని సారాంశము. మనుషులు వేరైనంత మాత్రమున చాలదు; మార్గములు సైతము వేరు కావలెనన్నమాట. ఈ మాట విలువ తెలియుటకు లోకమునకు మరి నూటయేబది యేండ్లు పట్టెను.

ఇంతవరకు చెప్పినది సాక్ష్యమును గూర్చి. ఇక వరుసను గూర్చి. ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ వాతావరణమును లెక్కకట్టి ముందుగా చెప్పవచ్చునని తలచెను. మొదటి ప్రపంచ యుద్ధములో యుద్ధము చేయనొల్లక, ఫ్రాన్సులో గాయపడినవారిని మోయు అంబులెన్సు దళములో పనిచేయుచు, విరామ సమయములలో గడ్డివాములచెంత కూర్చుండి, 1910 మే 20వ తేదీనాటి వాతావరణమును ఆరు గంటల కాలమునకు లెక్కకట్టెను. దానికి ఆయనకు ఆరువారములు పట్టెను. ఫలితము పూర్తిగా తప్పినది. వాయుపీడనము 145 మిల్లీబార్లు మారునని లెక్కలో తేలగా, నాడు వాస్తవమున అది ఇంచుమించు కదలనేలేదు. ఆ వ్రాతప్రతి యుద్ధములో పోయి, కొన్ని నెలలకు బెల్జియములో బొగ్గుకుప్ప క్రింద దొరికెను. తన తప్పును దాచక 1922లో ఆయన పుస్తకముగా ప్రకటించెను.

ఆ పుస్తకములో ఆయన ఒక ఊహ చేసెను. నాటకశాలవంటి గుండ్రని పెద్ద భవనము. గోడలపై భూగోళ పటము. పటములో తమ తమ తావుల యెదుట కూర్చుండి 64,000 మంది గణకులు, వాతావరణము నడచు వేగమునకు సమముగా లెక్కలు కట్టుచుందురు. నడుమ ఎత్తైన స్తంభముపై ఒక అధికారి నిలిచియుండును. ఎవరు ఇరుగుపొరుగువారికంటె ముందు పోవుచుందురో వారిపై గులాబిరంగు కాంతిని, ఎవరు వెనుకబడుదురో వారిపై నీలిరంగు కాంతిని ఆయన ప్రసరింపజేయును. పలువురు కలిసి చేయు పనిలో తొందరపడువాడును చేటే, వెనుకబడువాడును చేటే. పొరుగువాని అంకె రానిదే తన అంకె సాగదని రిచర్డ్‌సన్ గ్రహించెను. సమాంతర యంత్రములలో పనుల వరుసను కాచు ప్రోగ్రాములు నేడు చేయుచున్నది ఆ దీపధారి పనియే.

ఎలక్ట్రానిక్ యంత్రములు వచ్చిన పిదప పాత ప్రశ్నలు క్రొత్త రూపమున తిరిగివచ్చెను. నాటి యంత్రములలోని వాల్వులు బల్బులవలె మాడిపోయెడివి. నమ్మరాని భాగములతో నమ్మదగిన యంత్రమును కట్టుట యెట్లని జాన్ ఫాన్ నోయ్‌మన్ 1952లో కాలిఫోర్నియాలో ఉపన్యాసములిచ్చెను. 1956లో అవి అచ్చయ్యెను. ఒకే పనిని పలు భాగములచే చేయించి, ఎక్కువమంది చెప్పినదానిని అంగీకరింపుమని ఆయన చూపిన మార్గము. అదే కాలమున ప్రాగ్ నగరములో అంతోనిన్ స్వొబొద ఆధ్వర్యమున సాపో అను కంప్యూటరు నిర్మింపబడి 1957లో పనిచేయ నారంభించెను. వేలకొలది రిలేలతో కట్టిన ఆ యంత్రములో గణించు భాగములు మూడు. మూటిలో రెండు ఏకీభవించినది ఒప్పు. పంచాయతీవంటి ఈ యేర్పాటు చక్కగనే యుండెను. కాని 1960లో ఒక రిలేనుండి లేచిన నిప్పురవ్వ కందెన నూనెకు అంటుకొని యంత్రమంతయు కాలిపోయెను. ముగ్గురు సాక్షులును ఒకే యింటిలో నుండిరి!

యంత్రములు ఎక్కువైనచో పని తొందరగా ముగియునని సామాన్యముగా అందరము అనుకొందుము. 1966లో బెల్ సంస్థకు చెందిన రొనాల్డ్ గ్రాహమ్ అది నిజము కాకపోవచ్చునని చూపెను. ఆయన లెక్కను మన పెండ్లి వంటశాలకు తెచ్చి చెప్పుదుము. వంటకములు తొమ్మిది, జాబితాలో వరుసగా వ్రాసియున్నవి. ఎవరి చేయి ఖాళీయైనచో వారు జాబితాలో ముందున్న, చేయుటకు సిద్ధమైన పనిని అందుకొనవలెనని నియమము. మొదటి పనికి మూడు గంటలు. రెండు, మూడు, నాలుగవ పనులకు రెండేసి గంటలు. అయిదు మొదలు ఎనిమిది వరకు నాలుగేసి గంటలు. ఈ నాలుగును నాలుగవ పని ముగిసినగాని మొదలుపెట్టరాదు. తొమ్మిదవ పనికి తొమ్మిది గంటలు. అది మొదటి పని ముగిసినగాని మొదలుకారాదు. వంటవారు ముగ్గురైనచో అంతయు 12 గంటలలో ముగియును. పెండ్లివారు ఉదారముగా నాలుగవవానిని తెచ్చినచో 15 గంటలు పట్టును!

ఇది యెట్లన, నలుగురు పనిచేసినపుడు నాలుగవ పని తొందరగా ముగిసి, దానిని కనిపెట్టుకొనియున్న నాలుగు చిన్న పనులును ముందుగనే సిద్ధమగును. చేతులన్నియు వానిని అందుకొనును. తొమ్మిది గంటల పెద్ద పనికి చేయి దొరకునప్పటికి ఆరు గంటలు గడచిపోవును. ముగ్గురున్నపుడు ఆ చిన్న పనులు ఇంకను సిద్ధము కానందున, మూడు గంటలకే పెద్ద పని పొయ్యి యెక్కును. వంటవాడెవడును సోమరి కాడు. దోషము వరుసలో నున్నది. అయితే ఇట్టి సాదా నియమము ఎంత చెడినను, సాధ్యమైన మేలైన ఏర్పాటుకు పట్టు కాలమునకు రెట్టింపు మించదని గూడ గ్రాహమ్ నిరూపించెను. ఎంత చెడునో ముందుగా తెలిసియుండుట చిన్న మేలు కాదు.

వరుస యన్నది ప్రాణములను నిలిపిన సందర్భమొకటి 1969 జూలై 20వ తేదీన తటస్థించెను. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రునిపై దిగుచుండిరి. వారి నౌకలోని కంప్యూటరుకు చెరిపి వ్రాయదగిన జ్ఞాపకశక్తి 2,048 పదములు మాత్రమే. ప్రాసెసరు ఒక్కటే, పనులు పలు. హాల్ లేనింగ్ ఏర్పరచిన వరుసకాపరి ప్రోగ్రాము వానికి ప్రాధాన్యమునుబట్టి వంతులు పెట్టుచుండెను. దిగుచున్న సమయమున 1202 అను ప్రమాద సంకేతము వెలిగెను. అప్పటికి పనిలేని ఒక రాడారు, దాని విద్యుత్తు సరఫరాలోని పొంతనలేమి వలన, అనవసర సంకేతములు పంపుచు కంప్యూటరు కాలములో ఇంచుమించు నూటికి 15 పాళ్ళు హరించుచుండెను. పని పొంగిపోయినది.

అప్పుడు ఆ యంత్రము నిలిచిపోలేదు. చేతనున్న పనులనన్నిటిని విదిలించుకొని, క్షణములో తిరిగి మొదలై, ముఖ్యమైన పనులను మాత్రమే వెనుక గుర్తు పెట్టుకొన్న చోటినుండి అందుకొనెను. నౌకను నడపుట, ఇంజనును అదుపు చేయుట నిలిచినవి. అంతగా అవసరము లేనివి జారిపోయినవి. ఇట్లు తిరిగి లేచు నేర్పును మార్గరెట్ హామిల్టన్ నాయకత్వమున మసాచుసెట్స్‌లోని పరిశోధనాలయమువారు ఆ ప్రోగ్రాములలో పొందుపరచిరి. హూస్టన్‌లో 26 ఏండ్ల స్టీవ్ బేల్స్ సాగవచ్చునని చెప్పవలసియుండెను. అతనికి వెనుకగదినుండి జాక్ గార్మన్ అను 24 ఏండ్ల యువకుడు సలహా ఇచ్చెను. కొలదివారములకు ముందు జరిగిన అభ్యాసములో ఇట్టి సంకేతమే రాగా, బేల్స్ అనవసరముగా ప్రయాణమును ఆపించెను. ఆ పిమ్మట జీన్ క్రాంజ్ ఆజ్ఞపై, ప్రతి సంకేతమునకు ఏమి చేయవలెనో గార్మన్ చేతివ్రాతతో ఒక పట్టిక వ్రాసి దగ్గర పెట్టుకొనెను. సంకేతము మాటిమాటికి రాకున్నచో సాగవచ్చునని ఆ పట్టికలో నుండెను. వారు సాగిరి.

పండ్రెండేండ్ల తరువాత ఆ గార్మనే మరియొక కథకు చరిత్రకారుడయ్యెను. అమెరికా స్పేస్ షటిల్‌లో నాలుగు కంప్యూటర్లు ఒకే ప్రోగ్రామును నడుపుచు, సెకనుకు పలుమారులు ఒకదానితో నొకటి సరిచూచుకొనెడివి. ఆ నాలుగింటికిని ఒకే తప్పు పట్టునేమోనని, వేరు సంస్థవారిచే వేరుగా వ్రాయించిన ప్రోగ్రాముతో అయిదవ కంప్యూటరును ఉంచిరి. మాస్కెలిన్ వినినచో మెచ్చుకొనునట్టి యేర్పాటు. 1981 ఏప్రిల్ 10వ తేదీన తొలి ప్రయాణమునకు సుమారు ఇరువది నిమిషములుండగా, అయిదవ కంప్యూటరు ఆ నాలుగింటి మాట వినననెను. ప్రయాణము వాయిదా పడెను.

విచారింపగా తేలిన దేమన, నాలుగింటిలో మొదటిదానిని మేలుకొలిపిన క్షణముననే కాలము సరిచూచుకొనుటలో చిన్న తేడా వచ్చినది. కొన్ని పనులు తమ వంతుకు ఒక చుట్టు, అనగా సెకనులో ఇరువదియైదవ పాలు, ముందుగా నడచుచుండెను. మిగిలిన మూడును మొదటిదానిని చూచి కాలము దిద్దుకొన్నవి గనుక, నాలుగును ఒకే తప్పుమీద ఏకీభవించినవి. కీచ్, రాబిన్స్‌ల కథ మరల జరిగినది! చాల దినముల క్రిందట చేసిన ఒక చిన్న మార్పు వలన, 67 మారులలో ఒకమారు మాత్రమే ఈ తేడా వచ్చు అవకాశముండెను. కంప్యూటర్లను ఆపి తిరిగి మొదలుపెట్టగా సరిపోయినది. 12వ తేదీన యంగ్, క్రిపెన్ ప్రయాణము చేసిరి. ఇందులో మనము గమనింపవలసిన దొకటి కలదు. పొరపాటునుండి కాపాడుటకని చేసిన యేర్పాటే, అయిదింటి కాలమును కలిపియుంచవలసిన అవసరమే, ఈ పొరపాటునకు పుట్టినిల్లయినది. కాపలావానికిని కాపలా కావలెను.

మరి వేరు మనుషులు వేరుగా వ్రాసినచో తప్పులు వేరుగానుండునా? ఈ విషయమును జాన్ నైట్, నాన్సీ లెవెసన్ పరీక్షించిరి. రెండు విశ్వవిద్యాలయముల విద్యార్థులచేత ఒకే సమస్యకు 27 ప్రోగ్రాములు విడివిడిగా వ్రాయించి, ఒక్కొక్కదానిని పది లక్షల మారులు నడిపిరి. 1986లో వెలువడిన ఫలితము ప్రకారము, విడివిడిగా వ్రాసినవారు సైతము ఒకేచోట తప్పిన సందర్భములు యాదృచ్ఛికముగా జరుగదగిన వానికంటె చాల ఎక్కువ. వారెవరును ఒకరినొకరు చూచి వ్రాయలేదు. సమస్యలో కష్టమైన మలుపు ఎక్కడ నున్నదో అక్కడ అందరి కాలును జారినది. 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు పగిలిపోయిన తీరు ఇంతకంటె సూటియైనది. దిక్కు చెప్పు పరికరములు రెండుండెను. రెండింటిలో ప్రోగ్రాము ఒక్కటే. ఒక పెద్ద అంకె చిన్న అరలో పట్టక సహాయక పరికరము మొదట చెడెను. సెకనులో పదవ పాలైన గడవకముందే ప్రధాన పరికరమును అదే కారణమున చెడెను. మా తీరకేంద్రపు స్తంభములమీది రెండు తీగలు మాకు ఇక్కడ జ్ఞప్తికి వచ్చును.

ఈ అనుభవములనుండి నేటి పరిశోధకులు నేర్చినది వినయము. యంత్రములు వేలకొలదిగా చేరినపుడు వానిలో ఏదో యొకటి చెడుట విపత్తు కాదు, దినచర్య. కావున చెడకుండ చూచుటకంటె చెడిన వెంటనే సవరించుకొనుటయే ప్రధానమైనది. దీర్ఘమైన గణనములలో నడుమ నడుమ ఫలితములను భద్రపరచి, చెడినపుడు మొదటికి పోక అక్కడినుండి సాగుదురు. మాటిమాటికి భద్రపరచినచో కాలమంతయు దానికే చెల్లును. అరుదుగా భద్రపరచినచో చేసిన పని నష్టమగును. ఆ నడిమి కొలతను గణితముతో తేల్చు మార్గమును 1974లోనే జాన్ యంగ్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఈయన వ్యోమగామి యంగ్ కాడు.

పనుల పంపకములో ఒక మేలైన ఉదాహరణమును 2004లో గూగుల్ సంస్థకు చెందిన జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ ప్రకటించిరి. ఒక పెద్ద సమాచార రాశిని వరుసక్రమమున అమర్చు పనిని 1,746 పనివారికి పంచిరి. పనివారనగా ఇచ్చట యంత్రములపై నడచు ప్రోగ్రాములు. పని నడుమ వారిలో 200 మందిని కావలెనని ఆపివేసిరి. పోయినవారి పనిని మిగిలినవారికి తిరిగి పంచగా, మొత్తము కాలము నూటికి 5 పాళ్ళు మాత్రమే పెరిగెను. కుంటుచు నడచు యంత్రము మొత్తము పనిని ఆలస్యము చేయునని గూడ వారు గమనించిరి. చివరికి మిగిలిన కొలది పనులను మరియొకరికిని అప్పగించి, ఎవరు ముందు ముగించిన వారిది తీసికొనిరి. ఈ యేర్పాటు లేనిచో కాలము నూటికి 44 పాళ్ళు పెరుగుచుండెను. రిచర్డ్‌సన్ నీలిరంగు దీపము పడినవాని చెంతకు మరియొక మనిషిని పంపినట్లయినది.

రిచర్డ్‌సన్ కల యేమైనదని శ్రోతలడుగవచ్చును. ఆయన ఊహించిన నాటకశాల నేడు యంత్రరూపమున నిజమైనది. మన దేశమునందు 1986లో బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు ఫ్లోసాల్వర్ అను సమాంతర యంత్రమును నిర్మించిరి. తరువాత దానిని వాతావరణ గణనమునకును వాడిరి. 2024లో పూనాలోను, నోయిడాలోను వాతావరణ శాస్త్రమునకై అర్క, అరుణిక అను మహాయంత్రములు ప్రారంభింపబడెను. అయితే వాతావరణ గణకులు సాక్ష్యమును గూర్చి నేర్చుకొన్నదే అన్నిటికంటె గొప్పది. 1992 నుండి ఐరోపాలోను, అమెరికాలోను ఒకే సూచనను ఒక్కమారు గాక, తొలి అంకెలను కొంచెము కొంచెము మార్చి పలుమారులు గణించుట నిత్యకృత్యమైనది. తుపాను దారులన్నియు ఒకచోట కలిసినచో ధైర్యముగా చెప్పుదురు. విడిపోయినచో విస్తారమైన తీరమును హెచ్చరింతురు. అవన్నియు ఒకే పద్ధతి బిడ్డలు గనుక, ఒక దేశపు లెక్కను మరియొక దేశపు లెక్కతో పోల్చి చూతురు. లార్డ్‌నర్ చెప్పిన వేరు మార్గము ఇదియే. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన మనకు ఈ లెక్కలు కేవలము పండితుల వినోదములు కావు. హెచ్చరిక నిజమై యుండవలెను. నిజమైనది సకాలమున గూడ రావలెను. తుపాను దాటిన తరువాత ముగిసిన లెక్క ఎంత సరియైనదైనను ఒకటే, కాకున్నను ఒకటే.

మా కేంద్రమున ఆ రాత్రి తరువాత జరిగినది చెప్పి ముగింతుము. రెండవ లైనును ఊరికి ఉత్తరపు వీధిగుండ, వేరు స్తంభములమీద వేయించవలెనని మా ఇంజనీరుగారు వ్రాసిరి. దారి దూరము, ఖర్చు ఎక్కువ. లెక్కల అధికారిగారు మమ్ము పిలిచి, "ఉన్న లైనులు రెండును బాగుగనే పనిచేయుచున్నవి గదా, దగ్గరి దారి యుండగా దూరపు దారి యెందుకండీ?" అని అడిగిరి. ఆయన స్వయముగా ప్రతి మొత్తమును క్రిందినుండి పైకి ఒకమారు, పైనుండి క్రిందికి ఒకమారు కూడు అలవాటు గలవారు. "తమరు రెండవమారు గూడ క్రిందినుండియే ఎందుకు కూడరండీ?" అని మేము అడిగితిమి. ఆయన కొంచెముసేపు మా వైపు చూచి, ఫైలుపై ఏమియు వ్రాయక సంతకము చేసిరి.